నలభై డజన్ల దుప్పట్లు

ఆ సోమవారం ఉదయం ఆస్పత్రి స్టోర్సు ఆఫీసరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి బట్టల గదిలోకి వెళ్ళాలి. పదకొండింటికల్లా దుప్పట్ల లెక్క ముగించాలి. పన్నెండింటికి అప్పగింత పత్రం మీద సంతకం పెట్టి, ఒంటిగంటకు ఇంట్లో భోజనానికి కూర్చోవాలి. ఉద్యోగంలో చేరి అతనికి ఇంకా నాలుగు నెలలు నిండలేదు. తప్పు చేస్తానేమోనన్న భయం ఉన్నవాడు కాబట్టి, నిబంధనల పుస్తకాన్ని చంకలోంచి దించకుండా తిరిగేవాడు. చెడ్డవాడు కాడు. న్యాయం అంటే పుస్తకంలో రాసి ఉంటుందనీ, పేజీ దొరికితే చాలనీ నమ్మే వయసులో ఉన్నాడు, అంతే.

బట్టల గదికి అధికారి పెద్దక్క. ఆమెను పేరు పెట్టి పిలవగలిగిన వాళ్ళందరూ ఎప్పుడో పదవీ విరమణ చేశారు. మిగిలిన వాళ్ళకు, డాక్టర్ల దగ్గర నుంచి అంబులెన్సు డ్రైవరు దాకా, ఆమె పెద్దక్కే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ గది తాళంచెవి ఆమె నడుముకు వేలాడుతోంది. ఆ శుక్రవారం దాన్ని తీసి ఇంకొకరి చేతిలో పెట్టవలసి ఉంది.

"బాబూ, ఆ పత్రం మీద ఏమని రాస్తారు?" అని ఆమె ఉదయమే అడిగింది.

"లెక్క సరిపోయింది అని రాస్తానండీ."

"ఇంకేమీ రాయరా?"

"ఇంకేమీ ఉండదండీ."

"అది చాలు. ముప్పై ఒక్క ఏళ్ళూ ఆ ఒక్క మాటకోసం పనిచేశాను. కాస్త పెద్ద అక్షరాలతో రాయండి. నాకు చత్వారం."

నిబంధన ప్రకారం, ఎవరి లెక్క చూస్తున్నారో వారు ఆ సమయంలో గదిలో ఉండకూడదు. పెద్దక్క వసారాలోని బల్ల మీదికి వెళ్ళి, తరగతి నుంచి బయటికి పంపిన పిల్లలా, వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. పడకల మీద పరిచి ఉన్న దుప్పట్లు వార్డుల లెక్క. గదిలో ఉన్నవి మాత్రమే ఆమె లెక్క. రిజిస్టరులో ఆ పద్దు ఒకే వరుస: దుప్పట్లు, నలభై డజన్లు. అరల మీద తెల్లటి మూటలు కూడా నలభై ఉన్నాయి. ఇద్దరు పనివాళ్ళు వాటిని విప్పి, ఉన్న గుడ్డలన్నిటినీ దొంతరలుగా పేర్చి వెళ్ళారు. ఆఫీసరు లెక్కపెట్టాడు. నలభై డజన్లంటే నాలుగు వందల ఎనభై రావాలి. అయిదు వందల ఇరవై వచ్చాయి.

అటు చివరి నుంచి మళ్ళీ లెక్కపెట్టాడు. అయిదు వందల ఇరవై.

తక్కువ వస్తే ఏం చేయాలో అతను ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. పెద్దావిడ మనసు నొప్పించకుండా చెప్పడానికి రెండు వాక్యాలు కూడా తయారుచేసుకున్నాడు. నిబంధనల పుస్తకంలో కొరత గురించి పదకొండు పేజీలు ఉన్నాయి. ఎక్కువ వస్తే ఏం చేయాలన్నది మాత్రం ఒకే ఒక్క పేరా. అధికంగా కనిపించిన వస్తువులు ఎక్కడివో తేలేవరకు సంబంధిత ఉద్యోగిని విధుల నుంచి విడుదల చేయరాదు, మూడు వేర్వేరు రోజులలో తిరిగి లెక్కించవలెను, వివరాలు ఆ ఉద్యోగికి గాని ఇతరులకు గాని వెల్లడించరాదు. పుస్తకం రాసినవాడి దృష్టిలో పోయిన వస్తువు దురదృష్టం, వచ్చిన వస్తువు నేరం.

అతను వసారాలోకి వచ్చాడు.

"పెద్దక్కా, లెక్కలో చిన్న తేడా వచ్చింది."

"ఎంత?"

"చెప్పకూడదండీ."

"నా లెక్కలో తేడా నాకు చెప్పకూడదా?"

"విచారణ అయ్యేదాకా చెప్పకూడదని నిబంధన ఉందండీ."

పెద్దక్క ముఖంలో ఏ మార్పూ కనిపించలేదు. నడుముకున్న తాళంచెవిని మాత్రం ఒకసారి తడుముకుంది. "సరే బాబూ" అంది. ఆమె నోట అంత చిన్న మాట ఎవరూ ఎప్పుడూ విని ఎరుగరు.

ఆఫీసరు భోజనానికి ఇంటికి వెళ్ళేసరికి రెండయింది. ముఖం చూడగానే భార్య అడిగింది.

"ఏమైంది, అలా ఉన్నారు?"

"బట్టల గది లెక్కలో తేడా వచ్చింది. ఎవరితోనూ అనకు."

"అయ్యో, పెద్దక్క లెక్కా? పాపం, ఎన్ని తక్కువయ్యాయి?"

"అది ఆఫీసు రహస్యం."

"సరేలెండి, నాకెందుకు."

ఆ క్షణంలో అతను 'తక్కువ కాలేదు' అని రెండు మాటలు అని ఉంటే ఆ తరువాతి నాలుగు రోజులూ మామూలుగానే గడిచిపోయేవి. కాని రహస్యం కాపాడినందుకు అతనికి తన మీద గౌరవం కలిగింది. కడుపునిండా తిని ఆస్పత్రికి వెళ్ళిపోయాడు. ఈ మధ్యే అతని భార్యకు ప్రసవం కష్టమైనప్పుడు రెండు రాత్రులు పక్కన కూర్చున్నది పెద్దక్కే. మనసు ఊరుకోక, పక్కింట్లో ఉండే హెడ్ నర్సుకు గోడ మీదుగా ఆ సంగతి చెప్పింది. ఎవరితోనూ అనవద్దంది. హెడ్ నర్సు ఇద్దరికి చెప్పింది. నాలుగు గంటలకల్లా ఆస్పత్రి మొత్తానికి తెలిసిపోయింది. ఎవరితోనూ అనవద్దన్న మాటను కూడా ఏ ఒక్కరూ మరిచిపోకుండా జతచేసి మరీ చెప్పుకున్నారు.

బట్టల గదికీ, పక్కనున్న ఇస్త్రీ గదికీ మధ్య గోడలో ఒక చిన్న కిటికీ ఉంది. ఇస్త్రీ అయిన దుప్పట్లు అందులోంచే గదిలోని బల్ల మీదికి చేరతాయి. ఆఫీసరు తలుపుకు తాళం వేశాడు, తాళానికి సీలు వేశాడు, సీలు మీద సంతకం పెట్టాడు. కిటికీకి గడియ లేదన్న సంగతి అతనికి తట్టలేదు.

మంగళవారం ఉదయం దుప్పట్లు అయిదు వందల ఇరవై తొమ్మిది అయ్యాయి.

అతను కళ్ళు నులుముకున్నాడు. నిన్న తానే తప్పు లెక్కపెట్టి ఉంటాననుకున్నాడు. అతను మూడోసారి లెక్క మొదలుపెట్టేసరికి కిటికీలోంచి ఒక తల లోపలికి వచ్చింది. అది ఇస్త్రీ బాబాయి తల. ఇరవై ఏళ్ళుగా పెద్దక్క పక్కగదిలో ఇస్త్రీ చేస్తూ, రోజూ ఆమెతో పోట్లాడుతూ బతుకుతున్న మనిషి.

"ఎంతొచ్చింది బాబూ?"

"చెప్పకూడదు."

"నిన్నటంతేనా?"

"చెప్పకూడదన్నాగా."

"అంటే నిన్నటంత కాదన్నమాట" అని బాబాయి తల పంకించాడు. "మీ చేతివేళ్ళు పదీ ఉన్నాయో లేదో ముందు అవి లెక్కపెట్టుకోండి. అక్క లెక్క తప్పదు. ఆవిడ నోరు మంచిది కాదు గానీ లెక్క తప్పదు."

"మీ పని మీరు చూసుకోండి బాబాయ్."

"నా పనే చూసుకుంటున్నా. మీరు చెల్లాచెదురు చేసినవన్నీ రేపు నేనే మడతపెట్టాలి."

బుధవారానికి అయిదు వందల నలభై ఒకటి. ఇక వేళ్ళ మీద తప్పు నెట్టడానికి వీల్లేకపోయింది, ఎందుకంటే కొత్తగా చేరినవి కొత్తగానే కనిపిస్తున్నాయి. ఒకదానికి అంచు వెంబడి నీలి గీత ఉంది. ఒకదాని నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉంది. ఒకటి గట్టిగా కలరా ఉండల వాసన వేస్తోంది. ఒకటి అసలు దుప్పటే కాదు, భోజనాల బల్ల మీద పరిచే గుడ్డ. ఇవి ఒక చోటి నుంచి వచ్చినవి కావు, ఇళ్ళల్లోంచి వచ్చినవి. అంటే ఎక్కడెక్కడో పోయిన దుప్పట్లు ఇక్కడికి చేరుతున్నాయి. అతను ఒక్కొక్కదానికి చీటీ కట్టి నంబరు వేశాడు. నీలి గీత దుప్పటి 'ఏడో సాక్ష్యం' అయింది. దాని గురించి ప్రత్యేకంగా, 'అనుమానాస్పదంగా మెత్తబడి ఉన్నది' అని రాసుకున్నాడు. ఆ మధ్యాహ్నం నుంచి వాచ్‌మన్‌ను వసారాలో కాపలా పెట్టాడు. వాచ్‌మన్ తన వంతు దుప్పట్లు రెండూ ఆ మధ్యాహ్నమే కిటికీలోంచి లోపలికి పెట్టేసి, మిగతా సమయమంతా ఎంతో శ్రద్ధగా కాపలా కాశాడు.

ఆఫీసరు కాగితాలు పట్టుకుని సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ శస్త్రచికిత్సలు చేసే డాక్టరు, మాటల్ని కూడా కత్తితో కోసినట్టు మాట్లాడుతుంది.

"మేడమ్, బట్టల గదిలో దుప్పట్లు పెరుగుతున్నాయి."

"పెరగడానికి అవేమన్నా గోళ్ళా?"

"సోమవారం నలభై ఎక్కువ వచ్చాయి మేడమ్. నిన్న నలభై తొమ్మిది. ఇవాళ అరవై ఒకటి."

"నేనెప్పుడు అడిగినా దుప్పట్లు లేవనే చెప్పారు ఈ ఆస్పత్రిలో. ఇప్పుడెక్కడి నుంచి వస్తున్నాయి?"

"అదే విచారించాలి మేడమ్. ఎక్కడో పోయినవి ఇక్కడ తేలుతున్నాయని నా అనుమానం."

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "పెద్దక్క దుప్పట్లు దొంగిలించిందంటారా?"

"అనడం లేదు మేడమ్. కాదని రాయడానికే ఆధారం వెతుకుతున్నాను."

అతను అన్నది నిజమే. వసారాలో బల్ల మీద మూడు రోజులుగా కూర్చుని ఉన్న ఆ వీపును చూస్తే అతనికి అన్నం సహించడం లేదు. కాని పుస్తకంలో వీపులకు విలువ లేదు. సూపరింటెండెంటు గారు గురువారం పదింటికి విచారణ పెట్టి, దుప్పట్లు ఎవరివైనా పోయాయేమో కనుక్కోమని చుట్టుపక్కల హాస్టళ్ళకూ లాడ్జీలకూ ఫోన్లు చేయించింది. అందరూ తమవి పోలేదన్నారు. వీధి చివర లాడ్జి మేనేజరు మాత్రం, ఎన్ని అని అడగకముందే, యాభై పోయాయన్నాడు.

గురువారం ఉదయం ఆఖరి లెక్క అయిదు వందల యాభై మూడు. డెబ్భై మూడు ఎక్కువ.

విచారణ బట్టల గదిలోనే జరిగింది. సూపరింటెండెంటు గారు, ఆఫీసరు, హెడ్ నర్సు ఒకవైపు కూర్చున్నారు. ఎదురుగా పెద్దక్క కుర్చీ ఇచ్చినా కూర్చోకుండా నిలబడింది. వసారాలో ఆయాలూ, నర్సులూ, వంటమనిషీ, డ్రైవరూ, అందరికీ ఒక్కసారిగా అటువైపే పని పడింది. కిటికీలో ఎప్పటిలాగే బాబాయి తల ఉంది.

"మొదటి నుంచి మొదలుపెడదాం" అంది సూపరింటెండెంటు గారు. "రిజిస్టరులో డజన్లలో రాశారు. డజను అంటే ఎంత? ఆఫీసరు గారూ?"

"పన్నెండు మేడమ్."

"సిస్టర్?"

"పన్నెండేనండీ."

"బాబాయ్?"

"ఈ వయసులో నాకు పరీక్ష ఏమిటమ్మా. పన్నెండు."

"పెద్దక్కా?"

"పన్నెండు" అంది పెద్దక్క. "పదకొండు కాదు, పదమూడు కాదు."

ఆఫీసరు మనసు చివుక్కుమంది. ఆమె పొరపాటున ఇంకో సంఖ్య చెబుతుందేమోనని, అప్పుడు అమాయకత్వం కింద రాసి వదిలేయవచ్చునని, లోలోపల ఆశపడ్డాడు. ఇప్పుడు ఆ దారి కూడా మూసుకుపోయింది. మాట అర్థం గురించి అక్కడ ఎవరికీ తగాదా లేదు.

అంతలో లాడ్జి మేనేజరు వచ్చాడు. దుప్పట్ల దొంతరలను చూసి, చాలా కాలానికి కనిపించిన బంధువులను పలకరించినట్టు ఒక్కొక్కదాన్నీ నిమిరాడు. చివరకు మూలల్లో ఆకుల కుట్టు ఉన్న ఒక దుప్పటిని పైకి తీశాడు.

"ఇదిగోనండీ, ఇది మాదే. ఈ కుట్టు మా లాడ్జిదే."

హెడ్ నర్సు కుర్చీలో కాస్త ముందుకు జరిగింది. "మీ లాడ్జిలో దుప్పట్లకి ఆకులు కుడతారా?"

"కుడతామమ్మా. స్పెషల్ రూములకి."

"ఎవరు కుడతారు?"

"కుట్టేవాళ్ళే కుడతారు."

"ఎన్ని ఆకులు?"

మేనేజరు ఒక్క క్షణం తడబడ్డాడు. "మూలకొకటి. నాలుగు."

"మూడు" అంది హెడ్ నర్సు. "నాలుగో మూల కుట్టబోతుంటే మా అమ్మాయికి జ్వరం వచ్చింది. ఇక దాన్ని ముట్టుకోలేదు. విప్పి చూడండి."

విప్పి చూశారు. మూడే ఉన్నాయి. తానేమన్నదో హెడ్ నర్సుకు అప్పుడు అర్థమైంది.

"సిస్టర్, ఇది మీదా?" అన్నాడు ఆఫీసరు.

"నాదే."

"మీ దుప్పటి ఇక్కడికెలా వచ్చింది?"

"నేనే తెచ్చి కిటికీలోంచి పెట్టాను. తక్కువ పడ్డాయన్నారుగా. పెద్దక్కకి వయసు మీద పడింది, ఎక్కడో పోయి ఉంటాయి, వెళ్ళిపోయే ముందు మాట రాకూడదని తెచ్చాను."

"తక్కువ పడ్డాయని ఎవరన్నారు?"

"మీ ఆవిడ."

"మా ఆవిడకెవరు చెప్పారు?"

"మీరు."

"నేను తేడా అన్నాను. తక్కువ అనలేదు" అన్నాడు ఆఫీసరు. "దుప్పట్లు ఎక్కువ ఉన్నాయి. మొదటి రోజే నలభై ఎక్కువ ఉన్నాయి."

వసారాలో వంటమనిషి డ్రైవరు వైపు చూసింది. డ్రైవరు వాచ్‌మన్ వైపు చూశాడు. వాచ్‌మన్ చూరు వైపు చూశాడు. ఎవరికి వారే తామొక్కరే తెచ్చామనుకున్నారు. లాడ్జి మేనేజరు, తనకు ఇంకో పని గుర్తొచ్చిందని చెప్పి, ఎవరూ ఆపకముందే వెళ్ళిపోయాడు.

"అయితే ఇది?" అని ఆఫీసరు నీలి గీత దుప్పటిని, తన ఏడో సాక్ష్యాన్ని, చీటీతో సహా పైకెత్తాడు.

"అది మీ ఇంటిదే" అంది హెడ్ నర్సు. "మీ ఆవిడ నా చేత పంపింది. మీకు చెప్పవద్దంది."

నాలుగేళ్ళుగా తాను రోజూ పడుకుంటున్న దుప్పటిని అతను ఆనవాలు పట్టలేదు. అనుమానాస్పదంగా మెత్తబడినది తన వీపు కిందనే. అతను చీటీని మెల్లగా విప్పి జేబులో పెట్టుకున్నాడు.

"బాగుంది" అంది సూపరింటెండెంటు గారు. "ఆ తర్వాత చేరినవాటికి కారణం తెలిసింది. మరి మొదటి నలభై ఎక్కడివి? బాబాయ్, నువ్విలా వచ్చి ఒక మూట కట్టి చూపించు. రోజూ ఎలా కడతావో అలాగే కట్టు."

బాబాయి వచ్చాడు. బల్ల మీద ఒక దుప్పటి పరిచాడు. దాని మీద పన్నెండు పేర్చాడు. కింది దుప్పటి నాలుగు చెంగులూ పైకి లాగి ముడివేశాడు. చేతులు దులుపుకున్నాడు.

"ఆ కింద పరిచిందేమిటి?" అన్నాడు ఆఫీసరు.

"మూటగుడ్డ."

"అది దుప్పటి కాదా?"

"దుప్పటి మీద పడుకుంటారు బాబూ. దీని మీద ఎవరు పడుకున్నారు?"

"అదే కొలత, అదే గుడ్డ కదా?"

"మీరూ నేనూ ఒకే కొలత ఉంటాం. నన్ను ఆఫీసరంటారా?"

ఆఫీసరు పెద్దక్క వైపు తిరిగాడు. ఆమె ముఖంలో నిజమైన ఆశ్చర్యం ఉంది. "మూటగుడ్డ లెక్కలోకి రాదు బాబూ" అంది, తెలిసిన విషయాన్ని తెలియనివాడికి చెప్పే ఓర్పుతో. "నేల మీద పెట్టేది, బండి మీద దొర్లేది, మాసినవాటిని చుట్టి వెనక్కి తెచ్చేది. దాన్ని రోగి కింద వేయకూడదు. నేను చేరిన రోజే నాకు చెప్పారు. రోగికి పనికిరానిది రోగి లెక్కలో ఉండకూడదని."

నలభై మూటలు, నలభై మూటగుడ్డలు. ఆఫీసరు పెన్సిలు కింద పెట్టాడు. డజను అంటే ఎంతో చిన్నప్పుడు ఎక్కాలతో పాటు అందరూ నేర్చుకుంటారు. ఆ పన్నెండులోకి దేన్ని రానివ్వకూడదో మాత్రం ఆ గదిలో ముప్పై ఏళ్ళు పనిచేసినవాళ్ళకే తెలుసు. ఎంతగా తెలుసంటే, అది చెప్పవలసిన సంగతి అని కూడా వాళ్ళకు తట్టదు.

"ఈ మాట సోమవారమే చెప్పి ఉంటే సరిపోయేది కదండీ" అన్నాడు అతను, నిట్టూర్పూ నిష్ఠూరమూ కలిపి.

"ఏం తేడా వచ్చిందో మీరు చెబితే కదా, నేను ఏం చెప్పాలో నాకు తెలిసేది" అంది పెద్దక్క.

అతను పుస్తకం తెరిచి, మళ్ళీ మూసేశాడు.

డెబ్భై మూడులో నలభై తీసేస్తే ముప్పై మూడు దుప్పట్లు మిగిలాయి. వాటిని విడిగా బల్ల మీద పెట్టారు. అభిమానంతో తెచ్చిన దుప్పట్లు అవి. పెద్దక్క వాటిని ఒక్కొక్కటిగా చూసింది. చూసిన కొద్దీ ఆమె పెదవులు బిగుసుకున్నాయి.

"ముప్పై మూడు" అంది వసారా వైపు తిరిగి. "మీరంతా నా మేలు కోరి తెచ్చారు. కాదనను. కానీ ముప్పై ఒక్క ఏళ్ళుగా మీ కళ్ళముందే ఉన్నాను. తేడా వచ్చిందనగానే అందరూ తక్కువే అనుకున్నారు. ఇళ్ళల్లో దుప్పట్లు వెతికారు. పెద్దక్క లెక్క తప్పదు, ఇంకోసారి చూడండి అని ఆ అబ్బాయిని అడగాలని ఒక్కరికీ తోచలేదా?"

ఒక ఆయా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళండి" అంది పెద్దక్క.

ఎవరూ కదల్లేదు. బల్ల దగ్గరికి వచ్చి దుప్పటి తీసుకోవడమంటే, నిన్ను నమ్మలేదమ్మా అని ఆమె ముఖం మీద చెప్పడమే. హెడ్ నర్సు కూడా తన మూడాకుల దుప్పటి వైపు చేయి చాచలేకపోయింది. సూపరింటెండెంటు గారు తలుపులోంచి ఆకాశం చూస్తూ కూర్చుంది.

చివరకు పెద్దక్కే బల్ల దగ్గరికి వెళ్ళింది. దొంతరను కాస్త పక్కకు జరిపి, అడుగు నుంచి ఒక పాత తెల్ల దుప్పటిని లాగింది.

"ఇది నాది" అంది. "మంగళవారం సాయంత్రం పెట్టాను."

ఆఫీసరు తెల్లబోయాడు. "మీరా? మీరెందుకు పెట్టారండీ?"

"తేడా అన్నారు. తక్కువే అనుకున్నాను. నాకు మాత్రం వేరే ఆలోచన వచ్చిందా ఏమిటి? ఇంటికెళ్ళి బీరువా అంతా దులిపాను, పొరపాటున ఆస్పత్రి దుప్పటి నా ఇంట్లోకి వచ్చిందేమోనని. దొరకలేదు. అయినా నా మీద నాకు నమ్మకం కుదరలేదు." ఆమె దుప్పటిని మడిచి చంకన పెట్టుకుంది. "నన్ను నేనే నమ్ముకోలేదు. మిమ్మల్ని నిలదీసే హక్కు నాకెక్కడిది? రండి, పట్టుకెళ్ళండి. ఎవరేం తీసుకున్నారో నేను చూడను."

అప్పుడు కదిలారు. మొదట హెడ్ నర్సు, తరువాత వాచ్‌మన్, తరువాత అందరూ ఒక్కసారిగా. ఇబ్బందితో మొదలైనా రెండు నిమిషాల్లో అది సంతలా తయారైంది. భోజనాల బల్ల గుడ్డ ఎవరిదని అడిగి, వంటమనిషిదని తెలిసి నవ్వుకున్నారు. ఎలాస్టిక్ దుప్పటి తనదని డ్రైవరు ఒప్పుకోవడానికి కొంత బతిమాలవలసి వచ్చింది. ఆఫీసరు తన నీలి గీతను తానే మడతపెట్టుకున్నాడు.

"నువ్వేం తేలేదా బాబాయ్?" అని ఒక ఆయా అందరికీ వినపడేట్టు అడిగింది. "ఇరవై ఏళ్ళు అక్క పక్కనే పనిచేసి, ఆవిడ చేతి టీ తాగి, ఒక్క దుప్పటి తేవడానికి చేతులు రాలేదా?"

"రాతిగుండె" అంది ఇంకొకామె.

"తెచ్చాను. ఎందుకు తేను" అని బాబాయి గొణిగాడు. పక్క దొంతరలోంచి చేతికందిన దుప్పటి ఒకటి తీసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా తన గదిలోకి వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఉదయం ఆఫీసరు ఆఖరిసారి లెక్కపెట్టాడు. ఈసారి పెద్దక్కను బయటికి పంపలేదు. మూటగుడ్డలు నలభై విడిగా పెట్టాడు. దుప్పట్లు నాలుగు వందల డెబ్భై తొమ్మిది వచ్చాయి.

"పెద్దక్కా" అన్నాడు. నాలుగు రోజుల్లో అతను ఒక పాఠం నేర్చుకున్నాడు. "ఒకటి తక్కువ వచ్చింది."

"తెలుసు."

"నిన్న గొడవలో ఎవరో పొరపాటున పట్టుకెళ్ళి ఉంటారు."

"పొరపాటున కాదు. బాబాయి పట్టుకెళ్ళాడు. చూడనన్నాను గానీ కళ్ళున్నాయిగా."

"మరి ఆయన తెచ్చిన దుప్పటి ఏదండీ?"

"ఆయన ఏదీ తేలేదు."

ఆఫీసరు అర్థంకాక చూశాడు. పెద్దక్క మూట ముడి బిగించి, దాని మీద అరచేయి ఆనించింది.

"తక్కువ పడిందంటే నమ్మనివాడు ఎందుకు తెస్తాడు బాబూ? ఈ ఆస్పత్రిలో నన్ను నమ్మినవాడు అతనొక్కడే. నాకంటే కూడా ఎక్కువ నమ్మాడు. నిన్న అందరి చేతుల్లోనూ ఏదో ఒకటి ఉంది. అతని చేతులు ఖాళీ. ఏమీ తేలేదనుకుని రాతిగుండె అన్నారు. నమ్మాను కాబట్టి తేలేదు అని నలుగురిలో చెప్పుకునే మనిషా అతను? సిగ్గుపడి ఒకటి పట్టుకుపోయాడు."

"నేను వెళ్ళి అడిగి తెస్తాను."

"అడిగితే ఇచ్చేస్తాడు. ఇచ్చాక ఏమవుతాడు? నన్ను అనుమానించిన ముప్పై మందీ మంచివాళ్ళవుతారు, అనుమానించనివాడు దొంగవుతాడు. అది నాకు న్యాయంగా కనపడడం లేదు. నా పేరు మీద రాయండి."

"మీ పేరు మీద కొరత పడుతుందండీ. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా..."

"పడనివ్వండి. లేనిది లేదనే రాయాలి కదా."

ఆఫీసరు నిబంధనల పుస్తకం తెరిచాడు. కొరత గురించిన పదకొండు పేజీల్లో మూడో పేజీలోనే దొరికింది. అయిదు వస్తువుల లోపు కొరతకు విచారణ అక్కరలేదు, కారణం రాయనక్కరలేదు, లెక్క సరిపోయినట్లే భావించవలెను. అతను ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, అప్పగింత పత్రం తన వైపు లాక్కున్నాడు. చత్వారం ఉన్న కళ్ళకు కూడా అద్దాలు లేకుండానే కనపడేంత పెద్ద అక్షరాలతో, ఒక్కొక్కటీ దిద్దుతూ, 'లెక్క సరిపోయింది' అని రాసి సంతకం పెట్టాడు.

ఎక్కువ ఉన్నన్నాళ్ళూ సరిపోని లెక్క, ఒకటి తక్కువ కాగానే నిబంధన ప్రకారం సరిపోయింది.